మా వదిన మూడో పిలుపుకే తలుపు తీసేది

మా వదిన పోయిందన్న కబురు నాకు మూడోసారి మోగిన ఫోనులో అందింది. పెరటాసి నెల శనివారం, మా వైపు పెరుమాళ్‌కు పండగ రోజు. కోవిల్‌పట్టి పక్కన ఒక నల్లరేగడి ఊళ్లో, పెరుమాళ్ గుడి ముందర వేసిన రేకుల పందిట్లో కథ చెబుతున్నాను. స్తంభం పగిలింది. స్వామి బయటికి దూకాడు. హిరణ్యకశిపుణ్ణి జుట్టు పట్టి ఈడ్చుకుంటూ గడప మీదికి తెచ్చాడు. సరిగ్గా అక్కడ నా రొంటిన ఉన్న ఫోను అదిరింది. ఎత్తలేదు. మళ్లీ అదిరింది. ఎత్తలేదు. మూడోసారి అదిరేసరికి నా నోట్లో మాట ఆగిపోయింది. మా ఇంట్లో పెరిగినవాళ్లు మూడో పిలుపును వదిలెయ్యలేరు. ఎందుకో ముందు ముందు చెబుతాను.

అవతల మా అన్న.

"రేయ్, మీ ఒదినెను లారీ ఏసేసింది రా."

"యాడ?"

"సాత్తూరు బైపాసులో. బస్సుకు నిలబడుండాది. మిరపకాయల లారీ." మళ్లీ తనే, "మన మండీకి వచ్చే లారీనే" అన్నాడు.

"ప్రాణముండాదా?"

"లేదు."

ఆ రోజు హిరణ్యకశిపుడి కడుపు చీలలేదు. వాణ్ణి గడప మీద అలాగే పడుకోబెట్టి, జనానికి దండం పెట్టి విరుదునగర్ బస్సెక్కాను. కథను సగంలో ఆపితే చెప్పినవాడికి దోషమంటారు. అయ్యలారా, అమ్మలారా, ఆ మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. గడప మీద కూర్చున్నది ఈసారి మా వదిన.

మా వదిన విరుదునగర్‌లో ఒక ప్రైవేటు సెంటర్లో కంప్యూటర్లు చూసుకునే మనిషి. హాలు నిండా వరసలు వరసలుగా సిస్టమ్‌లు. ఉద్యోగాల పరీక్షలు వాటి మీదే జరుగుతాయి. ప్రతి పరీక్షకు ముందు వాటి లోపల ఉన్నదంతా తుడిచేసి, అన్నింటిలోనూ ఒకే రకం కొత్త సరుకు నింపాలి. ఒక్కొక్క దాని ముందు కూర్చుని నింపితే పరీక్ష తేదీ దాటిపోతుంది. అందుకని ఒక సిస్టమ్‌ను శుభ్రంగా తయారుచేసి, దాని అచ్చు తీసి, లోపలి గదిలో ఉన్న సర్వర్ అనే పెద్ద మిషన్‌లో దాచిపెడతారు. అక్కడి నుంచి తీగల గుండా హాలంతటికీ ఒకేసారి పోస్తారు. ఆ అచ్చును ఇమేజ్ అంటారు. ఈ మాటలన్నీ నాకు వదిన నేర్పినవే. నేను బడి చదువు చదివినవాణ్ణి కాను. అగ్గిపెట్టెల కంపెనీలో మందు కలుపుతూ, కూటి వేళల్లో తెలుగు అక్షరాలు నాకు నేనే దిద్దుకుని పురాణం పట్టినవాణ్ణి. అరవదేశంలో ఉండే మాకు తెలుగు నోటికే గాని కంటికి తెలియదు.

"ఏం పని ఒదినె ఇది?" అని మొదట్లో ఒకసారి అడిగితే, "తల నరికి తల పెట్టే వేలై, సామీ. మీ వినాయకుడికి చేసినట్టు" అంది. నన్ను సామీ అనడం ఆమెకు వేళాకోళం. కథలు చెప్పే మరిదిని ఇంకేమనాలి అనేది.

ఆమె చేతులు ఊరికే ఉండేవి కావు. పలకని సిస్టమ్‌ను పక్కటెముక మీద అరచేత్తో ఒకటి చరిచేది, మొండికేసిన ఎద్దును చరిచినట్టు. బయట అందరితో అరవం మాట్లాడేది, సిస్టమ్‌లను మాత్రం తెలుగులో తిట్టేది. ఓనరుకు తెలుగు రాదు గనుక తిట్లలో సగం ఆయనకే చెందేవని నా అనుమానం. చెప్పులు హాలు బయటే. పోత మొదలైతే తలుపు లోపలి నుంచి గడియ. ఇంకొక అలవాటు ఉండేది. తెర మీద చెత్తబుట్ట బొమ్మ ఒకటి ఉంటుంది, మామూలుగా ఎడమ పక్క పైన. వదిన తయారుచేసిన ఇమేజ్‌లో అది కుడి పక్క అట్టడుగున ఉండేది. "వాకిట్లో ఎవరన్నా చెత్తబుట్ట పెడతారా? పెరట్లో గదా పెట్టేది" అనేది. ఈ చెత్తబుట్టను గుర్తుంచుకోండి.

ఇప్పుడు మూడో పిలుపు సంగతి.

మా పల్లెల్లో పొద్దుగూకిన తర్వాత బయటి నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకరు. దయ్యం ఒకటి రెండుసార్లకు మించి పిలవదని నమ్మకం. మూడోసారి కూడా పిలిస్తే మనిషే. అప్పుడు పలుకుతారు, తలుపు తీస్తారు. వదిన పుట్టింటి వాళ్లు కోవిల్‌పట్టి వైపు సేద్యగాళ్లు, ఈ పట్టింపు వాళ్లకు మరీ ఎక్కువ. కానీ మా వదినకు ఆ ఆచారం పనికొచ్చింది దయ్యాల మీద కాదు, మా అన్న మీద.

మా అన్న మిరపకాయల మండీలో మూటలు విప్పి కాయ తీరు చూసే మనిషి. పొద్దంతా ఆ చేతులు మిరపలోనే. ఆ చేతులకు ఎన్ని సోపులు రాసినా ఘాటు పోదు. తాగి వచ్చి కొట్టేవాడు. ఆ దెబ్బ ఎలాంటిదో చెబుతాను. చెంప మీద పడ్డది వాచి తగ్గుతుంది. కానీ ఆ చేతి ఘాటు కంట్లో దిగితే సాయంత్రం పడ్డ దెబ్బ మర్నాడు పొద్దున కూడా కొడుతూనే ఉంటుంది. వదిన ఎర్రబడిన కళ్లతో సెంటరుకు వెళ్లి, కూర్చుని పని చేసేది. ఎవరైనా అడిగితే తెర చూసి చూసి ఎర్రబడ్డాయి అనేది.

అందుకని గడియ పెట్టుకునేది. అన్న వాకిట్లో నిలబడి పిలిచే మొదటి పిలుపు బూతుతో ఉండేది. రెండోది తలుపు మీద కాలితో ఉండేది. ఆ రెండింటికీ ఆమె పలికేది కాదు, లోపల కూరగాయలు తరుక్కుంటూనే ఉండేది. చాలాసేపటికి మూడోది వచ్చేది, గొంతు తగ్గి, "అమ్మణ్ణీ, కూడు పెట్టు మే" అని. అప్పుడు లేచి గడియ తీసేది.

"మొదటి రెండూ పిలిచింది సారాయి. మూడోసారి పిలిచేటోడికే నిజంగా పని ఉంటాది" అని నాతో చెప్పింది ఒకసారి, నవ్వుతూ. ఆ నవ్వుకు నా ఒళ్లు మండింది.

కొన్నాళ్లకు అన్నకు ఆ కిటుకు తెలిసిపోయింది. ఒక సాయంత్రం వాకిట్లోకి వస్తూనే మెత్తగా మూడుసార్లు పిలిచాడు. తలుపు తీసింది. తీసిన తలుపుతోనే కొట్టాడు. ముక్కు ఎముక పక్కకు జరిగింది. ఆ మర్నాడు నేను విరుదునగర్ వచ్చాను. మండీలో, బస్తాల మధ్య, కాటా ఎదురుగా, బండి కాడి పట్టె తీసుకుని మా అన్నను కొట్టాను. పెద్దవాణ్ణి కొట్టకూడదని శాస్త్రం. ఆ శాస్త్రం నాకు కంఠతా వచ్చు. వచ్చే కొట్టాను. మిరప తొడిమల మీద పడి దొర్లాడు. కూలివాళ్లు వచ్చి నన్ను పట్టుకున్నారు గాని తొందరపడలేదు, తీరికగా వచ్చి పట్టుకున్నారు.

వదినకు చెబితే సంతోషించలేదు. "నువ్వు కొట్టి పోతావు, సామీ. వాడు ఈడనే గదా ఉండేది" అంది. తర్వాత, "కాడి పట్టె విరిగిందా?" అని అడిగింది.

"లేదు."

"మరేం కొట్టినావు."

ఆ సెంటర్లో సర్వర్‌కు కూడా ఆమె మూడో పిలుపు నేర్పింది. వినండి, ఇది నాకు భలే నచ్చిన సంగతి. తుడిచేసిన సిస్టమ్ మేలుకోగానే దానికి ఊరూ తెలియదు, పేరూ తెలియదు. తీగలోకి ఒక కేక వేస్తుంది. ఎవరన్నా ఉన్నారా, నాకొక నంబరు ఇవ్వండి, నేనేం తెచ్చుకోవాలో చెప్పండి అని. ఎవరూ పలక్కపోతే కొంచెం ఆగి మళ్లీ కేక. ఇంకా ఆగి మళ్లీ. సర్వర్ పలికి నంబరిచ్చి, ఇదిగో ఈ ఇమేజ్ తీసుకో అంటుంది.

"ఎవరు పలికినా నమ్మేస్తాదా?" అన్నాను.

"నమ్మేస్తాది. ముందు ఎవడు పలికితే వాడే దానికి అమ్మా నాయనా."

ఒకసారి ఎవరిదో చేయి తగిలి పనిలో ఉన్న సిస్టమ్ ఒకటి తెలియక కేక వేసిందట. సర్వర్ వెంటనే పలికింది. దాంట్లో ఒక ఆడపిల్ల నెలల తరబడి చేసుకున్న పని మొత్తం తుడుచుకుపోయింది. అప్పటి నుంచి వదిన సర్వర్‌ను మొదటి రెండు కేకలకు నోరు మూసుకునేలా పెట్టింది. మూడోదానికే పలకాలి. "నిజంగా కావాలంటే మూడోసారి పిలుస్తాది" అంది. ఇంటి ఆచారాన్ని తీసుకెళ్లి తీగల్లో పెట్టిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

నేను ఊరుకుంటానా. "సన్యాసి వేషమేసుకుని వాకిట్లో నిలబడి పిలిచినోడికి పలికినందుకే గదా ఒదినె సీతమ్మకు అంత కష్టం" అన్నాను.

"చూసినావా. మూడుసార్లు పిలవనిచ్చుంటే లక్ష్మణుడు తిరిగి వచ్చుండే. కథ ఆడనే అయిపోయుండు. నీకు చెప్పుకునేదానికి ఏమీ లేకుండా పోయుండు."

ఇలా నవ్వుకున్నాం. నవ్వుకున్న ఆ ఏర్పాటే ఆమె చేతిని నలిపింది.

ఆ రోజు పొద్దునే ఫోను చేసింది. "సామీ, నీ గొంతుతో పని పడింది, రా" అంది. మర్నాడు పెద్ద ఉద్యోగ పరీక్ష. హాలు మొత్తానికి కొత్త ఇమేజ్ పొయ్యాలి. రెండు రోజులుగా ఎవరెవరో వచ్చి హాల్లోకి తొంగి చూస్తున్నారని, ఓనరు బావమరిది ఊరికే చుట్టూ తిరుగుతున్నాడని ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. "నువ్వు తలుపు ముందర కూర్చుని నీ పురాణం చదువుకో. నిన్ను చూస్తే ఎవడూ దగ్గరికి రాడు" అంది. సరేనని తుండు పరుచుకుని, ఇత్తడి చెంబులో నీళ్లు పక్కన పెట్టుకుని, గ్రంథం తెరిచి హాలు తలుపు దగ్గర కూర్చున్నాను.

లోపల పోత మొదలైంది, ముగిసింది. వదిన వరసల మధ్య ఉత్త కాళ్లతో నడుస్తూ తెరలు చూసుకుంటూ పోతోంది. కిటికీ పక్క వరస దగ్గర ఆగింది. ఒంగి చూసింది. పక్కదాన్ని చూసింది. నేను గడప మీది నుంచే చూస్తున్నాను, ఆమె వీపు బిగుసుకుంది.

"సామీ, చెత్తబుట్ట వాకిట్లో ఉండాది."

లేచి వెళ్లి చూశాను. తెర రంగు అదే. అక్షరాలు అవే. చెత్తబుట్ట మాత్రం ఎడమ పక్క పైన. రెండు వరసలు అట్లాగే ఉన్నాయి.

ఆమె ముందు తన తప్పేమోనని చూసుకుంది. సర్వర్ ఆపి మళ్లీ లేపింది. అందులో ఉన్న ఇమేజ్ తెరిచి చూసింది, బుట్ట కుడి పక్క అట్టడుగునే ఉంది. తీగ మార్చింది. చివరికి ఒక్క సిస్టమ్‌ను మాత్రం ఉంచి, మిగతావన్నీ ఆర్పేసి, దాన్ని మేలుకొలిపి ముఖం దగ్గర పెట్టి చూసింది. అది కేక వేసింది. కన్ను మూసి తెరిచేలోపల నంబరు వచ్చేసింది.

"నాది ఇంత బేగి పలకదు" అంది. "నాది మూడో కేకదాకా ఆగుతాది." తెర మీది నంబరును వేలితో చూపించింది. "ఇది మన నంబరు కాదు. ఇంకోడెవడో మన తీగలో కూర్చుని ఈ రెండు వరసలకు మొదటి కేకకే పలుకుతా ఉండాడు. వాడి ఇమేజ్ తీసుకుని వచ్చినాయి ఇవన్నీ. రేపు పరీక్ష రాసేటప్పుడు బయట కూర్చుని ఎవడో ఈ సిస్టమ్‌లలోపల చెయ్యి పెడతాడు. దుడ్డిచ్చినోడికి జవాబులు వాడే కొడతాడు."

తర్వాత మెల్లగా, "నా పాడు అలవాటే వాళ్లకు తలుపు తీసింది, సామీ" అంది.

అయ్యలారా, ఆ హాల్లో మర్నాడు కూర్చోబోయేది ఎవరనుకున్నారు? అగ్గిపెట్టెల వ్యాన్లో పోతూ వస్తూ చదువుకున్న పిల్లలు. టపాకాయల మందు గోళ్లలో ఉన్న చేతులతో పెన్ను పట్టినవాళ్లు. వాళ్ల ముందు దొంగ తలకాయలు పెట్టి కూర్చోబెట్టేవాళ్లు. ఆ పిల్లలకు అది తెలిసేది కూడా కాదు. ఉద్యోగం రాలేదే అని తమనే తిట్టుకునేవాళ్లు.

వదిన సర్వర్‌లో ఆ మౌనం తీసేసింది. కానీ దొంగ ఇంకా తీగలోనే ఉన్నాడు, ఎవరు ముందు పలికితే వాళ్లదే. వాణ్ణి పట్టుకోవాలి. తీగలన్నీ వచ్చి చేరే పెట్టె ముందు నిలబడింది. తెర మీద దొంగ నంబరును ఉన్నావా, ఉన్నావా అని అడుగుతూనే ఉంది, వాడు ఉన్నాను, ఉన్నాను అంటున్నాడు. ఆమె ఒక్కొక్క తీగ పీకుతోంది, పెడుతోంది. పీకుతోంది, పెడుతోంది. ఒక తీగ పీకేసరికి జవాబు ఆగిపోయింది. మళ్లీ పెట్టింది, పలికాడు. ఆ తీగ గోడ పైకెక్కి, కప్పు మీదుగా వెనక బ్యాటరీల గదికి పోయింది.

"పీకేసినావు గదా. పోనీ ఒదినె" అన్నాను.

"ఈ పక్క పీకితే వాడు ఇంకో పక్క గుచ్చుతాడు. పెట్టెను పగలగొట్టాల."

బ్యాటరీల గది తలుపు లోపలి నుంచి వేసి ఉంది. వదిన తట్టింది. "ఎవరది?" అంది అరవంలో. జవాబు లేదు. మళ్లీ పిలిచింది. మూడోసారి కూడా పిలిచింది. ఆ తర్వాత గోడకున్న మంటలార్పే ఎర్ర సిలిండరు ఎత్తి తలుపు గడియ మీద కొట్టింది. రెండో దెబ్బకు చెక్క చీలి తలుపు తెరుచుకుంది.

లోపల ఓనరు బావమరిది, ఇంకా ఇద్దరు. తలుపు పక్క గోడకు ఒక చిన్న పెట్టె, దాని ముందు ఒక లాప్‌టాప్.

"అక్కా, మెదువుగా మాట్లాడుకుందాం" అన్నాడు బావమరిది. "మీ ఇంటాయనకు కూడా ఒక దారి చూపిస్తాం."

"మా ఇంటాయన దారి నేను చూసుకుంటాను. పెట్టె తియ్యి."

వాడు నవ్వి తలుపు మూయబోయాడు. ఆమె తలుపు సందులోంచి కుడిచెయ్యి దూర్చి పెట్టె తీగ పట్టుకుంది. వాడు భుజంతో తలుపు నూకాడు. వేళ్లు తలుపుకూ ద్వారబంధానికీ మధ్య పడ్డాయి. ఎముకలు విరిగిన చప్పుడు నేను విన్నాను. పచ్చి కంది కట్టె విరిచినట్టు. ఆమె కేక వెయ్యలేదు, తీగ వదల్లేదు. వాడు ఇంకోసారి నూకాడు. ఇంకోసారి.

గ్రంథం ఎక్కడ పడేశానో నాకు తెలియదు. చెంబు చేతిలో ఉంది. తలుపు మీద పడ్డాను. లోపలి నుంచి ఒకడు స్టూలు ఎత్తి నా నోటి మీద కొట్టాడు. ముందు పళ్లలో ఒకటి నాలుక మీద పడింది. దాన్ని ఉమ్మి, చెంబుతో వాడి కణత మీద కొట్టాను. వాడు బ్యాటరీల మీదికి ఒరిగాడు. రెండోవాడు నా మెడ పట్టాడు. అప్పుడు వదిన, నలిగిన చెయ్యి అలా ఇరుక్కునే ఉండగా, ఎడమ చేత్తో సిలిండరు ఎత్తి బావమరిది మోకాలి మీద దించింది. వాడు కూలబడేసరికి తలుపు వదులైంది. ఆమె గడప మీద కూర్చుండిపోయింది. లోపలా కాదు, బయటా కాదు. కూర్చునే తీగను గుంజింది. పెట్టె గోడ నుంచి ఊడి ఆమె ఒళ్లో పడింది. ఒళ్లో పెట్టుకుని, సిలిండరు అడుగుతో దాన్ని దంచింది. ఒక్కొక్క దెబ్బకూ రక్తం చింది దాని మీద పడింది. పొట్ట పగిలి లోపలి పచ్చ బద్దలు బయటికి వచ్చేదాకా దంచింది.

నేను ఎన్నో ఊళ్లలో ఆ కథ చెప్పాను. గోళ్ల గురించి చెప్పాను, ఒడి గురించి చెప్పాను, గడప గురించి చెప్పాను. చూసింది మాత్రం ఆ రోజే.

టీకొట్టువాళ్లు, వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చారు. ఆ ముగ్గురూ వెనక మెట్ల మీదుగా పారిపోయారు, ఒకడు కుంటుతూ. నేను నా తుండు చింపి ఆమె చేతికి చుట్టాను. "ఆస్పత్రికి పోదాం" అన్నాను.

"తలుపు గడియ పెట్టు."

"ఒదినె, చెయ్యి చూడు."

"చూసినాను. గడియ పెట్టు. రేపు పొద్దున ఎనిమిదికి పిలకాయలు వచ్చేస్తారు."

కుర్చీలో కూర్చుని, ఎడమ చేత్తో సర్వర్ మీటలు నొక్కింది. నన్ను వరసల మధ్య నిలబెట్టింది. జన్మలో కంప్యూటర్ తాకనివాణ్ణి. "లేపు. లేస్తానే పైన పన్నెండో మీట నొక్కు. వదిలెయ్యి. పక్కదానికి పో." అలా హాలంతా తిరిగాను. నోట్లోంచి రక్తం కారుతుంటే మీటల మీద పడకుండా గడ్డం పైకెత్తుకుని నొక్కాను. ఆమె మధ్యలో తల వాల్చేది. నేను గట్టిగా పురాణం అందుకునేవాణ్ణి. "ఆపు సామీ, మెలకువగానే ఉండాను" అనేది.

బయటి నుంచి ఓనరు తలుపు తట్టాడు. "అమ్మా, తలుపు తియ్యి" అన్నాడు. మేం పలకలేదు. ఇంకోసారి పిలిచాడు. వదిన వేలు మీట మీదే ఉంది. అడుగుల చప్పుడు దూరమైంది.

"మూడోసారి పిలవలేదు" అంది. "నిజంగా పని లేదన్నమాట."

తెరలు ఒక్కొక్కటే వెలిగాయి. నేను వరస వరసా తిరిగి ఆమెకు అరిచి చెప్పాను. బుట్ట పెరట్లో ఉండాది. ఈడ పెరట్లో ఉండాది. ఇదీ పెరట్లోనే. చివరిది చెప్పి వెనక్కి తిరిగేసరికి ఆమె కుర్చీలోంచి కింద పడి ఉంది.

పెద్దాస్పత్రిలో రెండు వేళ్లు తీసేశారు. పరీక్ష జరిగింది. కేసు ఇంకా నడుస్తోంది, నడుస్తూనే ఉంటుంది. ఓనరు పళ్లబుట్టతో వచ్చి, ఇక మీరు విశ్రాంతి తీసుకోండి అని చెప్పి వెళ్లాడు. ఆ విశ్రాంతికి అర్థం ఆమెకు తెలుసు. కట్టు విప్పిన తర్వాత కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు దాకా బడులూ మిల్లులూ తిరిగి సిస్టమ్‌లు బాగుచేసుకుంటూ బతికింది. ఆ తిరుగుడులోనే మొన్న బైపాసులో బస్సు కోసం నిలబడింది.

అన్న ఆ చేతిని ఆస్పత్రి మంచం మీద చూశాడు. తాను కొట్టని దెబ్బ ఆమె ఒంటి మీద అదే మొదటిది. ఏదో అనబోయాడు. వదిన అంది, "నీ చేతికంటే ఆ తలుపు మేలు. ఒక్క రోజుతో విడిచిపెట్టింది." ఆ తర్వాత అన్న చెయ్యి ఆమె మీద లేవలేదు. మారాడని నేను చెప్పను. మనిషి లోపల ఏముందో తుడిచి చూసే విద్య నాకు రాదు. తాగడం మానలేదు. వాకిట్లో నిలబడి పిలిచేవాడు, ఆమె మూడోదానికే తీసేది. ఒకసారి నేను అడిగాను, సెంటర్లో అంత జరిగాక ఇంకా ఈ పట్టింపు ఎందుకని.

"మిషన్లకు తీసేసినాను. మనుషులకు ఉంచుకున్నాను" అంది.

ఇక ఆ రోజు. పోస్టుమార్టం అయ్యాక గుడ్డలో చుట్టి ఇచ్చారు. నడుము కింద చూడవద్దన్నారు. మొహం మాత్రం చెడలేదు. వంకర ముక్కు, కళ్ల కింద మచ్చలు, అన్నీ ఆమెవే. మూడు వేళ్ల చెయ్యి గుడ్డలోంచి బయటికి వచ్చి ఉంటే ఎవరూ లోపల పెట్టలేకపోయారు, బిగుసుకుపోయింది. అట్లాగే పాడె ఎత్తాం.

శ్మశానానికి పోయే దారిలో పాడెను ఒకసారి కిందికి దించి, చెవిలో మూడుసార్లు పిలిచే ఆచారం మావాళ్లు వదల్లేదు. ఆంధ్ర వైపు దాన్ని దింపుడుకళ్లం అంటారని చదివాను. ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే వినిపిస్తుందని ఆశ. పిలవాల్సింది మొగుడు. అరవవాళ్లు ఇద్దరు ముగ్గురు ఏంటిది అన్నట్టు చూస్తూ పక్కకు జరిగారు. మిరపకాయలు ఆరబోసిన కళ్లం పక్కనే దించాం. గాలికి అందరూ తుమ్ముతున్నారు.

అన్న మోకాళ్ల మీద కూర్చున్నాడు. కబురు తెలిసినప్పుడు మండీలో ఉన్నాడు, ఆ చేతులతోనే కళ్లు తుడుచుకుంటూ ఉన్నాడు, మొహమంతా కాలినట్టు ఎర్రగా ఉంది. చెవి దగ్గరికి ఒంగి పిలిచాడు. "ఏమే." వాకిట్లో నిలబడి పిలిచినట్టే పిలిచాడు. అది తప్ప ఆయనకు వేరే గొంతు రాలేదు. కాసేపు ఆగి ఇంకోసారి పిలిచాడు.

మూడోదానికి ఆయన గొంతు తగ్గడం నేను చూశాను. పెదవులు మెత్తబడ్డాయి. ఆ మెత్తదనం నాకు తెలుసు. అమ్మణ్ణీ అనబోతున్నాడు. కూడు పెట్టు మే అనబోతున్నాడు.

నేను ఒక్క దూకులో వెళ్లి ఆయన నోటి మీద చెయ్యి పెట్టి వెనక్కి ఒత్తాను. గింజుకున్నాడు. తల మట్టికి కొట్టుకుంది. నేను వదల్లేదు.

"వద్దురా అన్నా. మూడోసారి పిలిస్తే ఒదినె లేచి తలుపు తీస్తాది."

ఆయన గింజుకోవడం మెల్లగా ఆగింది. నా అరచేతి కింద ఆయన నోరు ఆ పేరు చుట్టూ కదిలి కదిలి ఊరుకుంది. పాడె ఎత్తమన్నాను. ఎత్తారు. గుడ్డ బయటికి ఉన్న ఆ మూడు వేళ్లు నడకకు ఊగుతూ ముందుకు పోయాయి. నా చెయ్యి మండడం మొదలైంది. మూడు ఊళ్ల నీళ్లు పోసి కడిగాను. ఇది రాస్తున్నప్పుడు కూడా, కలం పట్టిన చోట, ఆ మిరప మంట అలాగే ఉంది.